కార్డు బాకీ, గల్లీ చిట్టీ, ఇరవయ్యో తారీఖుకే ఖాళీ: ముందు దేని సంగతి చూడాలి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రామంతాపూర్‌లో కిరాయికి ఉంటున్నాం. నా జీతం చేతికి 38,000, నా భార్య స్కూల్లో టీచరు, ఆమెకు 13,000 వస్తుంది. పాపకు నాలుగేళ్లు. నెలకు కిరాయి 12,000, పర్సనల్ లోను ఈఎంఐ 6,200 (15 శాతం వడ్డీ, ఇంకా 14 నెలలు ఉంది), సరుకులు, పాలు, కూరగాయలు, సిలిండరు కలిపి 14,500, పెట్రోలు, ఫోన్లు, కరెంటు 4,500. క్రెడిట్ కార్డు బాకీ 62,000, నెల నెలా కనీస మొత్తం 3,100 కడుతున్నాను. మా గల్లీలో ఒక ఆంటీ నడిపే లక్ష రూపాయల చిట్టీలో ఉన్నాను. ఇరవై మందిమి, నెలకు 5,000, ఏడు నెలలు అయింది. మొదటి నెల ఆమె తీసుకుంది, తరువాత ఐదు నెలలు పాట 25,000కు పోయింది, పోయిన నెల 20,000కు దిగింది. ఒక పాత బీమా పాలసీకి ఏడాదికి 24,000 కడుతున్నాను, ఆరేళ్లయింది. పాత కంపెనీ పీఎఫ్ డబ్బు అలాగే ఉంది, తీసేయాలనుకుంటున్నాను. ఇంట్లో ఆరు తులాల బంగారం ఉంది. బావమరిది నెలనెలా బంగారం స్కీములో కట్టమంటాడు, స్నేహితుడు ఆప్షన్స్ ట్రేడింగ్ నేర్చుకోమంటాడు. కాగితం మీద లెక్క వేస్తే డబ్బు మిగలాలి, కానీ 20వ తారీఖు దాటితే చేతిలో ఏమీ ఉండదు. పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: మీరు ప్రతి అంకె రాశారు కాబట్టి సమాధానం కూడా అంకెల్లోనే ఇవ్వవచ్చు. మీ ఉత్తరంలో కార్డు, చిట్టీ, లోను, పాలసీ, పీఎఫ్, బంగారం ఒక్కోటి ఒక్కో భాషలో మాట్లాడుతున్నాయి. ఒకటి ఏడాది శాతం చెబుతుంది, ఒకటి నెల శాతం, ఒకటి డివిడెండు, ఒకటి బోనసు. అన్నింటినీ మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఒకే కొలతలోకి మార్చండి: నూటికి నెలకు ఎంత వడ్డీ? నూటికి రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలంటే 24. ఈ కొలతలో పెట్టి చూస్తే దేన్ని ముందు పట్టుకోవాలో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

కార్డుతో మొదలుపెడదాం. మీ బిల్లు వెనక వడ్డీ ఎంతో చూడండి, చాలా కార్డులకు నెలకు 3.5 శాతం దాకా ఉంటుంది. ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 62,000 మీద నెల వడ్డీ 2,170, జీఎస్టీ 390, కలిపి 2,560. మీరు కట్టే 3,100లో అసలుకు చేరేది 540 రూపాయలే. అంటే నూటికి నాలుగు రూపాయల పైన వడ్డీ కడుతున్నారు. ఇంట్లో ఎవరైనా నూటికి నాలుగు రూపాయలకు అప్పు తెచ్చామంటే పెద్దవాళ్లు ఊరుకోరు. కార్డు మీద అదే అప్పు ఉంటే, బిల్లులో 'కనీస మొత్తం' అని రాసి ఉండటం వల్ల ఎవరికీ గుర్తుకు రాదు. ఇంకొకటి కూడా ఉంది. పాత బాకీ మిగిలి ఉన్నంత కాలం కొత్తగా గీసిన దేనికీ వడ్డీ లేని గడువు ఉండదు. ఇవాళ ఆ కార్డు మీద 900 రూపాయల సరుకులు కొంటే ఇవాళ్టి నుంచే వడ్డీ నడుస్తుంది. కాబట్టి బాకీ తీరేదాకా ఆ కార్డు వాడకండి. సరుకుల యాప్‌లలో దాచి ఉంచిన కార్డు నంబరు కూడా తీసేయండి.

ఇప్పుడు చిట్టీ. మీ చిట్టీ లెక్క ఇలా ఉంటుంది. పాట 25,000కు పోయిన నెలలో ఎత్తుకున్నవారికి 75,000 వస్తుంది. వదులుకున్న 25,000లో నడిపేవారి కమీషన్ 5,000 పోతే మిగిలిన 20,000 ఇరవై మందికి పంచుతారు, తలకు 1,000. అందుకే ఆ నెల మీరు 4,000 కట్టారు. పోయిన నెల పాట 20,000 కాబట్టి 4,250 కట్టి ఉంటారు. ఇక ముందు పాట 11వ నెల దాకా 20,000 దగ్గర ఉండి, ఆ తరువాత 14,000కు, చివరి నెలల్లో 8,000కు దిగుతుందని అనుకుందాం. ఇరవయ్యో నెల దాకా ఆగితే మీరు మొత్తం కట్టేది సుమారు 88,550, చేతికి వచ్చేది 95,000. లాభం 6,450. ఏ నెల కట్టిన డబ్బు ఎన్ని నెలలు ఉంది అని లెక్కిస్తే ఇది నూటికి దాదాపు 79 పైసలు. అంటే ఏడాదికి తొమ్మిదిన్నర శాతం. చెడ్డది కాదు. కానీ ఒకవైపు 79 పైసలు సంపాదిస్తూ మరోవైపు కార్డుకు నాలుగు రూపాయలు పోస్తున్నారు.

మరి ఈ నెలే పాట పాడితే? ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. '20,000 నష్టపోతాం' అనుకుంటారు. కానీ ఎత్తుకున్నా ఎత్తుకోకపోయినా మీరు కట్టాల్సిన వాయిదాలు అవే. తేడా ఒక్కటే: ఇప్పుడు 80,000 కావాలా, పన్నెండు నెలల తరువాత 95,000 కావాలా? 80,000 మీద ఏడాదికి 15,000, అంటే నూటికి రూపాయిన్నర. నాలుగు రూపాయల అప్పు తీర్చడానికి రూపాయిన్నర డబ్బు దొరుకుతోంది. ఎత్తుకోండి.

ఎత్తుకోమనడానికి ఇంకో కారణం కూడా ఉంది, అది మాకు వడ్డీ కంటే ముఖ్యం. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చిట్టీ మొదలుపెట్టే ముందే ప్రభుత్వ అనుమతి తీసుకుని, చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయాలి. నడిపేవారు చిట్టీ మొత్తానికి సమానమైన డబ్బు ముందే పూచీగా డిపాజిట్ చేయాలి. కమీషన్‌కు కూడా పరిమితి ఉంది, 2019 సవరణలో దాన్ని 5 నుంచి 7 శాతానికి పెంచారు. గల్లీ చిట్టీలో వీటిలో ఏదీ ఉండదు. ఆంటీ ఎంత మంచి మనిషైనా కావచ్చు. ముందే ఎత్తుకున్న ఇద్దరు కట్టడం మానేస్తే ఆమె సొంత డబ్బు పెట్టగలదా అన్నదే ప్రశ్న. పెట్టలేకపోతే మునిగేది ఇంకా ఎత్తుకోనివారు. ఏడు నెలలుగా మీరు కట్టిన 29,250 ఇప్పుడు ఆ వరుసలోనే ఉంది.

పాట రోజుకు ముందే ఒక హద్దు పెట్టుకోండి. ఎవరైనా పోటీకి వస్తే 25,000 దాకా పాడవచ్చు, అప్పుడు 75,000 వస్తుంది, నూటికి రెండు రూపాయల పైచిలుకు పడుతుంది. అది దాటితే వదిలేయండి. అప్పుడు బంగారంలో కొంత బ్యాంకులో తాకట్టు పెట్టి కార్డు కట్టేయండి. బ్యాంకులో బంగారం లోను సాధారణంగా నూటికి రూపాయి లోపే వస్తుంది. వీధి చివరి దుకాణంలో అది రెండు మూడు రూపాయలు కావచ్చు, అక్కడికి వెళ్లకండి. వచ్చే నెల చిట్టీ ఎత్తుకోగానే బంగారం విడిపించండి. ఎత్తుకునేటప్పుడు జామీను కింద ఖాళీ చెక్కు మీద, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం చేయవద్దు. మిగిలిన వాయిదాల మొత్తం ఎంతో అంకెల్లో, అక్షరాల్లో రాసి, ఫోటో తీసుకుని, అప్పుడు ఇవ్వండి. చిట్టీ పూర్తయిన రోజే ఆ కాగితం వెనక్కి తీసుకోండి. ఇక మిగిలిన పన్నెండు వాయిదాలు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా కట్టండి, ఇప్పుడు మీరు పడుతున్న భయం మీ వెనక ఉన్నవారికి రాకూడదు.

80,000 వచ్చిన రోజే కార్డు బాకీ కట్టేయండి. యాప్‌లో పాత బిల్లు మొత్తం కాకుండా ఆ రోజుకు మొత్తం బాకీ ఎంతో చూసి అది కట్టాలి. అలా కట్టినా వచ్చే నెల ఒకటి రెండు వేల బిల్లు వస్తుంది. పాత బిల్లు తేదీ నుంచి మీరు కట్టిన తేదీ దాకా నడిచిన వడ్డీ అది. 'అంతా కట్టేశాను కదా, ఏదో పొరపాటు' అని దాన్ని వదిలేస్తే ఆలస్య రుసుము పడుతుంది, సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. దాన్ని కూడా కట్టాక కార్డు పరిమితిని 20,000కు తగ్గించండి. ఇదంతా అయ్యాక 15,500 దాకా మిగులుతుంది. దాన్ని ఖర్చు పెట్టకండి, దాని పని కిందే చెబుతాం.

'కాగితం మీద మిగలాలి, చేతిలో లేదు' అన్న మీ మాట దగ్గరికి వద్దాం. మీరు రాసిన నెల ఖర్చులు, చిట్టీకి 4,250 చేర్చి, కూడితే 44,550. ఆదాయం 51,000. మిగులు 6,450 కనిపిస్తుంది. ఈ లెక్కలో లేనివి ఏడాదికి ఒకటి రెండు సార్లు వచ్చే ఖర్చులు. పాలసీ 24,000 మీరే రాశారు. పాప ఎల్‌కేజీ ఫీజు, పుస్తకాలు, యూనిఫారం రాయలేదు, 36,000 అనుకుందాం. బతుకమ్మ, దసరా, సంక్రాంతి బట్టలు, ఊరి ప్రయాణాలు, ఇంట్లో పెళ్లిళ్లకు చదివింపులు కలిపి 18,000. బండి ఇన్సూరెన్సు, సర్వీసింగు, టైర్లు 6,000. డాక్టరు, మందులు 6,000. మొత్తం 90,000, నెలకు 7,500. మీ మిగులు 6,450. నెలకు వెయ్యికి పైగా లోటు. మీరు దుబారా మనుషులు కారు. జూన్‌లో ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు చేతిలో లేక కార్డు గీశారు, దసరాకు మళ్లీ గీశారు, మిగతా పని వడ్డీ చేసింది.

దీనికి మందు ఒకటే. ఏడాది ఖర్చులకు వేరే ఖాతా. మీ ఇద్దరిలో ఎవరికైనా వాడకంలో లేని సేవింగ్స్ ఖాతా ఉంటే అదే చాలు. దాన్ని యూపీఐ యాప్‌కు జోడించవద్దు, డెబిట్ కార్డు బీరువాలో పెట్టండి. జీతం ఒకటో తారీఖున పడితే రెండో తారీఖున 7,500 అందులోకి వెళ్లేలా బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టండి. నెలాఖరులో మిగిలింది పంపుదామంటే ఎప్పటికీ మిగలదు. ఫీజైనా బట్టలైనా ఆ ఖాతా నుంచే. మీ అసలు అంకెలు మా అంచనాకు కొంత అటూ ఇటూ ఉంటాయి. గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు దింపుకుని, మూడు వేలు దాటిన ప్రతి ఖర్చుకు టిక్కు పెట్టండి, ఒక ఆదివారం సాయంత్రం పని. ఇద్దరూ కలిసి కూర్చోవాలి, ఎందుకంటే సగం ఖర్చుల కారణం ఒకరికి తెలుస్తుంది, ఇంకో సగం మరొకరికి.

కార్డు వాయిదా 3,100 ఆగాక, ఏడాది ఖాతాకు 7,500 పోయాక, మీకు నిజంగా మిగిలేది నెలకు రెండు వేలు. అంతే. ఈ ఏడాది అంతకంటే పెద్ద పొదుపు పెట్టుకుంటే మళ్లీ కార్డు దగ్గరికే వస్తారు. ఆ రెండు వేలు, చిట్టీలో మిగిలిన 15,500 కలిపి ఆపద నిధి. ఉద్యోగం పోయినా, ఎవరైనా ఆసుపత్రిలో చేరినా మూడు నెలలు ఇల్లు నడవడానికి మీకు సుమారు లక్ష కావాలి. దాన్ని ఒకే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయకండి. పది వేల చొప్పున విడివిడిగా వేస్తే అవసరానికి ఒకటే విరగ్గొడతారు, గడువుకు ముందు తీసినందుకు తగ్గే వడ్డీ ఆ ఒక్కదానికే తగ్గుతుంది. బ్యాంకు డిపాజిట్లకు ఒక్కో బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల దాకా బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి పెంచారు. 'సొసైటీ' అని బోర్డు పెట్టి ఒక శాతం ఎక్కువ ఇస్తామనేవాళ్లకు ఈ బీమా ఉండదు.

పర్సనల్ లోను 15 శాతం, అంటే నూటికి రూపాయి పావలా. దాన్ని ముందే తీర్చాలని తొందరపడకండి. 14 నెలల్లో అదే అయిపోతుంది, ముందుగా కడితే చాలా బ్యాంకులు రుసుము కూడా తీసుకుంటాయి.

పాలసీ విషయంలో వరుస చాలా ముఖ్యం. ఇలాంటి పాలసీలు సాధారణంగా ఏడాదికి 5, 6 శాతం ఇస్తాయి, నూటికి యాభై పైసల లోపు. కవరేజి మూడు నాలుగు లక్షలకు మించదు. మీకేమైనా అయితే కిరాయి, పాప చదువు దాంతో రెండేళ్లు కూడా నడవవు. మీ వయసులో, పొగ తాగే అలవాటు లేకపోతే, కోటి రూపాయల టర్మ్ పాలసీ (గడువులోపు మనిషి పోతేనే డబ్బు ఇచ్చే బీమా) ఏడాదికి సుమారు 14,000 దగ్గర దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ లేదు. దరఖాస్తులో షుగరు, బీపీ, సిగరెట్టు ఏదీ దాచవద్దు. ఏజెంటు 'అది రాయకండి' అన్నా మీరు రాయించండి, క్లెయిమ్ తిరస్కరించేది ఆ ఒక్క గడి మీదే. టర్మ్ పాలసీ చేతికి వచ్చాకే పాతదాన్ని పెయిడ్-అప్ చేయమని బ్రాంచిలో రాసివ్వండి. అప్పుడు ఇక ప్రీమియం కట్టనక్కర్లేదు, కట్టినదానికి తగ్గ మొత్తం గడువు తీరాక వస్తుంది. సరెండర్ చేస్తే, అంటే ఇప్పుడే పాలసీ వదులుకుంటే, ఎంత వస్తుందో కూడా కాగితం మీద అడగండి, రెండూ పోల్చి చూడండి. కొత్తది రాకముందు మాత్రం పాతది ఆపవద్దు. మెడికల్ టెస్టులో ఏదైనా తేలి కొత్తది ఇవ్వకపోతే రెండూ లేకుండా పోతాయి.

పాత పీఎఫ్ తీయకండి. 2024-25కు దాని మీద 8.25 శాతం ఇచ్చారు, నూటికి 69 పైసలు, మీ చిట్టీ ఇచ్చే 79 పైసలకు పెద్ద తేడా లేదు, పైగా ఎవరూ ఎగ్గొట్టేది కాదు. మొత్తం సర్వీసు ఐదేళ్లు నిండకుండా తీస్తే పన్ను కూడా పడుతుంది. పాత ఖాతాను ఇప్పటి కంపెనీ ఖాతాకు బదిలీ చేయండి, పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ వెబ్‌సైటులో మీ యూఏఎన్‌తోనే (కంపెనీ మారినా మారని మీ పీఎఫ్ నంబరు) చేయవచ్చు. ఇది ఎక్కువగా ఆగిపోయేది రెండు చోట్ల: ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు అక్షరాలు కలవకపోవడం, పాత కంపెనీ మీరు మానేసిన తేదీ నమోదు చేయకపోవడం. ముందు ఆ రెండూ చూసుకోండి.

బావమరిది మాటలో ప్రేమ ఉంది, లెక్క లేదు. లక్ష రూపాయల బంగారానికి తరుగు, మజూరి కలిపి 14 శాతం అనుకుంటే 14,000, మొత్తం మీద 3 శాతం జీఎస్టీ 3,420. మీరు ఇచ్చేది 1,17,420. మరుసటి రోజు అమ్మితే లక్ష కూడా రాదు. నగ కావాలనుకున్నప్పుడు నగ కొనుక్కోండి, దాన్ని పొదుపు అనుకోవద్దు. నగల దుకాణం స్కీములో నెలనెలా కట్టే డబ్బుకు బ్యాంకు డిపాజిట్‌కు ఉన్న బీమా కూడా లేదు.

ఆప్షన్స్ వద్దు. షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడింగ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. 62,000 బాకీ ఉన్న ఇంట్లో ఆ ప్రయోగానికి చోటు లేదు.

పాప పేరు మీద సుకన్య సమృద్ధి తెరవాలని మీరు అడగలేదు, కానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మంచి పథకం. 8.2 శాతం, వడ్డీకి పన్ను లేదు. పదేళ్లు నిండేలోపు తెరవవచ్చు కాబట్టి ఇంకా సమయం ఉంది, ఈ ఏడాది దాని కోసం ఇంకెక్కడా కోత పెట్టకండి.

ఇప్పుడు క్యాలెండరులో రెండు తేదీలు గుర్తు పెట్టండి. పన్నెండు నెలలకు చిట్టీ అయిపోతుంది, పద్నాలుగు నెలలకు ఈఎంఐ అయిపోతుంది. ఆ తరువాత మీకు నెలకు దాదాపు 13,000 మిగులుతుంది, ఈ ఉత్తరంలో అసలు ఆశ ఉన్న అంకె అదే. చాలా ఇళ్లలో అది రెండు నెలల్లో కొత్త ఫోను ఈఎంఐగానో, కొత్త బండిగానో మారిపోతుంది. చివరి ఈఎంఐ పోయిన మరుసటి నెల అదే తారీఖున, అదే 6,200కు రికరింగ్ డిపాజిట్ పెట్టేయండి. పద్నాలుగు నెలలుగా ఆ డబ్బు లేకుండా బతకడం మీకు అలవాటే కదా. అలా చేస్తే ఏడాదిన్నరకు ఆపద నిధి లక్షకు చేరుతుంది. అప్పుడు ముందుగా కుటుంబం మొత్తానికి 5 లక్షల ఆరోగ్య బీమా తీసుకోండి. కంపెనీ ఇచ్చేది ఉద్యోగం ఉన్నంత వరకే. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా వేచి ఉండే గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేసిన కొద్దీ నష్టం. ఆ తరువాతే ఒక నిఫ్టీ ఇండెక్స్ ఫండులో (నిఫ్టీలోని పెద్ద కంపెనీల షేర్లన్నీ కొనే మ్యూచువల్ ఫండు), ఏజెంటు కమీషన్ లేని 'డైరెక్ట్' ప్లానులో, నెలకు 3,000తో సిప్, అంటే నెలనెలా పెట్టుబడి. ఏడేళ్లలోపు అవసరం లేని డబ్బే అందులో వేయాలి. 2020లో జనవరి నుంచి మార్చిలోపు నిఫ్టీ మూడో వంతుకు పైగా పడింది. ఆపద నిధి లేనివాళ్లు అప్పుడే అమ్ముకోవాల్సి వచ్చింది.

ఈ వారం చేయాల్సింది మాత్రం ఒక్క పని. ఈ నెల పాట ఏ రోజో ఆంటీని అడగండి. ఇంకా ఎవరెవరు ఎత్తుకోవాలనుకుంటున్నారో కనుక్కోండి. మీ భార్యకు ఈ లెక్క చూపించండి, 25,000 హద్దు ఇద్దరూ అనుకుని కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాటలో కూర్చున్నప్పుడు పౌరుషం వస్తుంది, ఆ కాగితం జేబులో ఉండాలి.